చివరి పాట మొదట వినిపించిన రోజు

ఇది రాసిపెట్టవలసిన అవసరం ఉన్నది కనుకనే రాస్తున్నాను. నాకన్న తొమ్మిదేండ్లు పెద్దవాడైన మా అన్నకు మతి తప్పనారంభించిన తరువాత, ఆయనను నిజామాబాదులో ఒక వైద్యుని వద్దకు తీసుకొనిపోయాము. ఆ వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎప్పుడు మొదలైంది?" అని. మా వదిన దసరాకు అన్నది. నేను అంతకు ముందటి ఎండాకాలమన్నాను. అన్న కొడుకు అసలు ఏమీ మొదలు కాలేదన్నాడు. వైద్యుడు ముగ్గురినీ చూసి, ఏమీ రాసుకోకుండానే కలము మూత పెట్టినాడు. వచ్చే సోమవారం అదే ప్రశ్న నన్ను గురించి అడుగబోతున్నారు. ఈసారి సమాధానం కాగితం మీద, జరిగిన క్రమంలో ఉండాలని నా పట్టుదల.

మా అన్న బస్సు కండక్టరు. ఆర్మూర్ నుండి భీమ్‌గల్ పోయే బస్సులో ఏండ్ల తరబడి టికెట్లు కొట్టినవాడు. దారిలోని ఊళ్ళ పేర్లు ఆయన నోట మంత్రం వలె వరుస తప్పక వచ్చేవి. ఒకనాడు మధ్యాహ్నం అందరమూ భోజనానికి కూర్చున్నప్పుడు, ఎవరో అడిగినదానికి ఆయన, "ఆర్మూర్ల బస్సెక్కినంక ఫస్టు భీమ్‌గల్ వస్తది, గటెన్క వేల్పూర్" అన్నాడు. వేల్పూర్ దాటకుండా భీమ్‌గల్ చేరే బస్సు ఆ దారిలో ఏనాడూ లేదు. మేమందరమూ నవ్వినాము. ఆయన కూడ నవ్వినాడు. తరువాత మూడేండ్లకు ఆయన మా వదినను, "ఎవలమ్మా నువ్వు, ఏ ఊరు?" అని మర్యాదగా అడిగినాడు. అన్నకు మొదట పోయినవి పేర్లు కావు, వరుస. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను. నా భయమంతా దాని మీదనే నిలిచి ఉన్నది.

ఇక నా సంగతి. ముప్పై ఏండ్లకు పైగా ఆర్మూర్, వేల్పూర్ ప్రాంతాలలోని సర్కారు బడులలో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవాడను. నా తరగతిలో బెంచీల కింద చెప్పులు కూడ వరుసలో ఉండవలెను. ఇంట్లో వార్తాపత్రిక మడత మారితే నాకు తెలుస్తుంది. ఇటువంటి మనిషికి, జుట్టు పెంచుకొన్న తెల్లవాళ్ళు నలుగురు గిటార్లతో, డ్రమ్ములతో పాడిన రాక్ పాటల ఆల్బం ఒకటి ప్రాణమంటే ఎవరూ నమ్మరు. కాని అది నిజము.

దానిని నాకిచ్చినవాడు మా మేనత్త కొడుకు, వేల్పూర్ బావ. ఇద్దరికీ వయసులో నెలల తేడానే కనుక, ఒకరినొకరము బావా అనే పిలుచుకొంటాము. పసుపు పండించే కుటుంబం వారిది. నలభై ఏండ్ల కింద దుబాయి పోయి, కొన్నాళ్ళకు తిరిగివచ్చి మళ్ళీ పసుపే పట్టుకొన్నాడు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు, అక్కడి తన మేస్త్రీ వద్ద నుండి అడిగి తీసుకొన్న క్యాసెట్టును ఇంకొక ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి, "ఇంగ్లీషు సారువు గద, నీకే పనికొస్తది" అని నా చేతిలో పెట్టినాడు. డబ్బా మీద ఏమీ రాసి లేదు. మొదట్లో ఉచ్చారణ కొరకు విన్నాను. మాటలన్నీ పట్టుకొని నోటుబుక్కులో ఎత్తి రాసుకొన్నాను. ఆ తరువాత ఏ ప్రయోజనమూ లేకుండానే విన్నాను.

మొత్తం ఎనిమిది పాటలు. నన్ను కట్టిపడేసినది వాటి అమరిక. మొదటి పాట పది నిమిషాల పైమాట. రెండవది దానికన్న కొంచెము పొట్టి, మూడవది ఇంకా పొట్టి. క్యాసెట్టు తిప్పి వేస్తే అయిదు చిన్న పాటలు, అవి కూడ ఒకదానికన్న ఒకటి చిన్నవి. అన్నిటికన్న చివర రెండు నిమిషాల పాట. అందులో డ్రమ్ములు లేవు, ఒకే గిటారు, ఒకే గొంతు. ఆ గొంతు పాడడానికి ముందు ఒక్కసారి దగ్గుతుంది. ఎనిమిదవ తరగతికి వ్యాసరచన చెప్పేటప్పుడు ప్రతి ఏడూ దీనినే ఉదాహరణగా చెప్పేవాడను. "రచన అంటే అమరిక. ఆ పాటగాళ్ళు పెద్దదానితో మొదలుపెట్టి, క్రమక్రమముగా తగ్గించుకొంటూ వచ్చి, చివరికి పాడి పాడి అలసిన మనిషి దగ్గుతో ముగించినారు చూడండి, అదీ క్రమశిక్షణ!" అనేవాడను. పిల్లలు తలలూపేవారు. వారిలో ఎవరూ ఆ పాటలు వినలేదు.

టేప్ రికార్డరు చెడిపోయి పదిహేనేండ్లయింది. క్యాసెట్టూ నోటుబుక్కూ పాత సామాను వెంట ఎప్పుడో పోయినవి. అయినా నాకు లోటు తెలియలేదు, ఎందుకనగా ఎనిమిది పాటలూ తలలోనే ఉండెను. అన్న పోయిన తరువాత వాటికి ఇంకొక పని అప్పగించినాను. ప్రతి ఉదయం నడకకు పోయి, ఇంటికి తిరిగి వచ్చేలోపల మనసులోనే మొదటి పాట నుండి ఎనిమిదవ పాట వరకు వరుసగా నడిపించుకొనేవాడను. దగ్గు వద్దకు వచ్చేసరికి మా గేటు కనబడవలెను. కనబడితే ఆ రోజుకు నా తల సరిగ్గా ఉన్నట్లు. ఈ పరీక్ష సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఈ మాఘమాసంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా చిన్నమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆర్మూర్‌లోనే బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నది. అరచేతిలో పట్టే స్పీకరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, "బాపూ, నువ్వు పాడే మాటలు కొట్టి చూస్తె నీ ఇంగ్లీషు పాటలు దొరికినయ్. మొత్తం ఆల్బం ఉంది ఫోన్ల" అన్నది. నేను కుర్చీ జరుపుకొని, కండ్లద్దాలు తుడుచుకొని, సభలో కూర్చున్నట్లు కూర్చున్నాను. ఆమె నొక్కింది.

దగ్గు వినిపించింది.

"చివరిది పెట్టినావమ్మా, మొదటిది పెట్టు" అన్నాను.

"మొదటిదే బాపూ."

"కాదు. ఇది ఎనిమిదవది."

"ఇగో చూడు, ఒకటి నెంబరు." ఫోను నా ముఖం ముందు పెట్టింది. నిజమే, ఒకటి. దాని కింద రెండవదిగా నా మొదటి పాట ఉన్నది. తరువాత రెండు చిన్నవి, మళ్ళీ ఒక పొడుగుది. ఎనిమిది పేర్లూ నేను ఎత్తి రాసుకొన్న మాటలలోనివే, ఒక్కటీ ఉండవలసిన చోట లేదు.

"ఎవరో తప్పు పెట్టి ఉంటారు" అన్నాను.

ఆమె ఇంకొక చోట వెతికింది. అక్కడా అదే వరుస. అసలు రికార్డు అట్ట వెనుక వైపు ఫోటో దొరికితే దానిని పెద్దది చేసి చూపించింది. అచ్చు అక్షరాలలో అదే వరుస. "నీకే మర్శినట్టున్నది, పోనీ తియ్యి బాపూ, ఎన్నేండ్లాయె" అని నవ్వింది. ఆ నవ్వు మా భోజనాల గదిలో ఇంతకు ముందు వినిన నవ్వే. ఆ నవ్వులో నేను కూడ ఉంటిని. ఇప్పుడు కూడ అలవాటు కొద్ది నవ్వినాను. నవ్విన తరువాత నాకు అన్న ముఖం కనిపించింది. ఆనాడు ఆయన నవ్వింది కూడ ఇటువంటి నవ్వేనా అన్న ఆలోచన వచ్చింది.

ఆ తరువాత వారం రోజులు నేను గడిపిన తీరు చెప్పుకొనడానికి సిగ్గుపడుతున్నాను, కాని చెప్పకపోతే ఈ కాగితం దండుగ. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు చాటున పందొమ్మిదవ ఎక్కం కింది నుండి పైకి చదివినాను. నక్షత్రాల పేర్లు అశ్విని నుండి రేవతి వరకు చెప్పుకొన్నాను, ఇరవైయేడూ వచ్చినవి. కాని వచ్చినవి సరియైన వరుసలోనే వచ్చినవని చెప్పవలసినది ఏ తల? అనుమానం ఉన్న తలనే కదా. పాటల వరుస గురించి కూడ నాకు రవ్వంత సందేహం ఉండలేదే! ఏ పరీక్షతో నా తలను రోజూ తూచుకొన్నానో, ఆ పరీక్ష ప్రశ్నపత్రమే తప్పని తేలినప్పుడు, ఇన్నేండ్లు నేను వేసుకొన్న మార్కులకు అర్థమేమి? నడక మానినాను. మోకాళ్ళ నొప్పులని చెప్పినాను.

చివరికి మా ఇంటావిడను అడిగినాను. "నేను వినే ఆ ఇంగ్లీషు క్యాసెట్టులో మొదలు పెద్ద పాట ఉండేనా, చిన్న పాటనా?"

ఆమె చింతపండు గింజలు తీస్తున్నది. తల ఎత్తకుండానే, "గా లొల్లి పాటలా? పెద్దదేంది, చిన్నదేంది, అన్నీ ఒక్క తీర్గనే మొత్తుకుంటుండె. మీరు తలుపేసుకొని వింటుంటిరి, నేను దూది పెట్టుకొని వండుతుంటి" అన్నది. తరువాత నా ముఖం చూసి చెయ్యి ఆపింది. "ఎందుకు, ఏమైంది? చెమటలెందుకు పడుతున్నయ్?"

ఏమీ లేదన్నాను. అబద్ధము.

ఒక ఆశ మాత్రం మిగిలి ఉండెను. నా జ్ఞాపకంలో ఉన్న మూడవ పాట ముగిసిన వెంటనే ధబ్బుమని ఒక్క డ్రమ్ము దెబ్బ పడి ఆగిపోతుంది. దానికి కూడ తరగతిలో ఏదో గొప్ప అర్థం చెప్పేవాడను. ఆ ఆదివారం మా అమ్మాయి ఫోనులో ఆ పాటనూ దాని వెంట వచ్చేదానినీ వినిపించినప్పుడు, ఆ దెబ్బ వెంట వచ్చే పాటకు మొదలు. అంటే ఎక్కించేటప్పుడు బావ మీట నొక్కడం ఒక క్షణం ఆలస్యమై, తరువాతి పాట అంచు తెగి పడి ఉండవచ్చును. ఒక పాట ఎక్కించి ఆపినవాడు వరుస కూడ మార్చి ఉండవచ్చును. నిజం చెప్పగలిగినవాడు బావ ఒక్కడే. ఫోను చేయవచ్చును, చేయలేదు. ఉన్నది ఉన్నట్లే ఎక్కించినానని ఆయన అంటే, ఆ మాట వినేటప్పుడు నా ముఖం మా ఇంట్లోవారు చూడకూడదు.

మరునాడు ఉదయం భీమ్‌గల్ బస్సెక్కి వేల్పూర్‌కు టికెట్ తీసుకొన్నాను. కండక్టరు దగ్గర నిలబడి, బస్సు ఏ ఊరి వద్ద ఆగుతుందో ఆగకముందే మనసులో చెప్పుకొంటూ పోయినాను. ఒక చోట ఊరి పేరు తట్టలేదు. బస్సు ఆగింది, బోర్డు చదివినాను, కదిలింది. అది నేను ఎన్నడైనా ఎరిగిన పేరేనా, కొత్తగా పెట్టిన స్టేజీయా అన్నది ఎవరినీ అడిగే ధైర్యం చాలలేదు. అరచేతులు తడిసి టికెట్ మెత్తబడింది.

బావ వాళ్ళ కల్లంలో పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము గడగడ తిరుగుతున్నది. పక్కన టార్పాలిన్ మీద పాలిష్ అయిన పసుపు రాశి. కూలికి వచ్చిన ఒక పెద్దామె కూర్చుండి ఏరుతున్నది. పొడుగాటి కొమ్ములను ఇక్కడ కాడి అంటారు, గుండ్రటి దుంపలను గోల అంటారు. కాడి ఒక కుప్పకు, గోల ఒక కుప్పకు పోతున్నవి.

బావ నన్ను దూరం నుండే చూసినాడు. "ఏం బావా, ఫోన్ జేస్తె ఎత్తవు, ఇయ్యాల బస్సెక్కి వచ్చినవ్. ఎవలన్న పోయిండ్రా?"

"ఎవరూ పోలేదు."

"మరి మొఖం గట్లెందుకున్నది?"

పెద్దామె మధ్యలో అందుకొన్నది. "గీ సారు మొఖం ఎప్పుడు గట్లనే ఉంటది. మా చిన్నోన్ని బెంచి మీద నిలవెట్టిండు. వాడిప్పుడు తాతయిండు, గిప్పటికీ సారును జూస్తె రోడ్డు దాటుతడు."

బావ నవ్వి నాకు స్టూలు వేసినాడు. టీ వచ్చింది. వానలు, పంట, కూలీల కరువు అన్నీ మాట్లాడినాము. గ్లాసు కింద పెట్టి, వేరే సంగతి అడిగినట్లుగా అడిగినాను.

"బావా, నువ్వు దుబాయి నుంచి నాకొక ఇంగ్లీషు పాటల క్యాసెట్టు తెచ్చినవు, యాదికున్నదా?"

"ఏ క్యాసెట్?"

ఆయన నుదురు గోక్కొన్నాడు. "గా దగ్గుడు పాట ఉంటది, గదేనా?"

"అదే. దాంట్ల పాటలు, అసలు క్యాసెట్టుల ఎట్ల ఉన్నయో అట్లనే ఎక్కించినవా?"

డ్రమ్ము చప్పుడులో ఆయనకు సరిగా వినబడలేదు. లేచి పోయి మోటారు బంద్ చేసి వచ్చినాడు. ఆ కొద్ది దూరం ఆయన పోయి రావడానికి పట్టినంత సేపు నా జీవితంలో ఏ పరీక్షా ఫలితానికీ పట్టలేదు. మళ్ళీ అడిగినాను.

"గట్లెందుకు ఎక్కిస్త?" అన్నాడు బావ, తప్పు పట్టినట్లుగా. "అసలుదాంట్ల అంత గడ్‌బడ్. ఒకటి పొట్టిది, మల్ల పొడుగుది, మల్ల రెండు పొట్టియి. మా నాయిన ఏం జెప్తుండె? కాడి కాడిల పొయ్యాలె, గోల గోలల పొయ్యాలె. రెండు కలిపి రాశి పోస్తె మార్కెట్ల ఎవడన్న చెయ్యి వెడ్తడా? శుక్రారం సెలవు నాడు గడియారం ముందల వెట్టుకొని, ఒక్కొక్క పాట ఎంతసేపున్నదో రాసుకొని, పొడుగుయి ఒక దిక్కు, పొట్టియి ఒక దిక్కు ఎక్కించిన. దాంట్ల గూడ పెద్దదాన్నుంచి చిన్నదానికి. సాఫ్‌గ ఏరి ఇచ్చిన. తప్పా?"

స్టూలు మీద నుండి లేచి, ఎందుకు లేచినానో తెలియక మళ్ళీ కూర్చున్నాను. ముప్పై ఏండ్లు ఎనిమిదవ తరగతి పిల్లలకు నేను చెప్పిన ఆ తెల్లవారి క్రమశిక్షణ, మా మేనత్త ఇంటి కల్లంలోని పసుపు ఏరుడు. ఆ దగ్గు అలసిన మనిషిది కాదు, మొదలుపెట్టబోతూ గొంతు సవరించుకొన్న మనిషిది. నేను నవ్వినాను. ఏడెనిమిది రోజుల తరువాత అది నిజమైన నవ్వు. నా తల సరిగ్గానే ఉన్నది, నేను విన్నదే నాకు గుర్తున్నది!

బావ నన్ను వింతగా చూసినాడు. "గింత నవ్వుతున్నవేంది? గిది నీకు కొత్తనా? అప్పుడే జెప్పిన గద."

"ఎప్పుడు?"

"ఇచ్చిన మర్నాడే. మీ ఇంటి గద్దె మీద కూసొని. నువ్వు నా మీదికి లేసినవ్. 'పుస్తకం పేజీలు చింపి, పొడుగును బట్టి కుట్టుకుంటార్రా ఎవరన్నా?' అన్నవ్. పది దినాలు మాట్లాడలే నాతోని. అత్తమ్మ వచ్చి కలిపింది ఇద్దర్ని. యాదికి లేదా?"

లేదు. అత్తమ్మ అంటే మా అమ్మ. ఆమె ఇప్పుడు లేదు. మా ఇంటి అరుగైన ఆ గద్దె మీద కూర్చున్నది గాని, అరిచినది గాని, పది రోజులు మాట్లాడకపోయినది గాని, ఒక్క ముక్క నా తలలో లేదు. అయితే ఆ వాక్యం నాదే. వేల్పూర్‌లో గాని ఆర్మూర్‌లో గాని అటువంటి వాక్యం అనే మనిషి ఇంకొకడు లేడు. బావ దానిని కల్పించలేడు.

"నలభై ఏండ్లాయె బావా, ఎవలికి యాదుంటది?" అన్నాడు, నా ముఖం మారడం చూసి.

"నీకున్నది కదా."

"తిట్లు తిన్నోనికి యాదుంటది. తిట్టినోనికి ఎందుకుంటది?"

పెద్దామె పసుపు చేతులు దులుపుకొని, "నిజమే, మా చిన్నోన్ని అడగరాదు!" అన్నది. ఇద్దరూ నవ్వినారు. మోటారు మళ్ళీ నడిచింది.

తిరుగు బస్సులో నేను ఊళ్ళు లెక్కపెట్టలేదు. కండ్లు మూసుకొని ఆ గద్దెను తెచ్చుకొనడానికి ప్రయత్నించినాను. గద్దె వచ్చింది, దాని మీది పగులు కూడ వచ్చింది, మేమిద్దరమూ రాలేదు. నలభై ఏండ్ల కింది కోపాన్ని మరచిపోవడం అందరికీ జరిగేదేనని నా చదువు చెప్పుతున్నది. కాని నేను మరచినది ఒక్క కోపాన్ని కాదు. ఆ వరుస బావ పెట్టినదని ఒకనాడు నాకు తెలుసు. తెలిసినదానిని తీసివేసి, ఆ ఖాళీలో ఆ పాటగాళ్ళ గొప్పతనాన్ని నిలబెట్టి, దానిని సత్యమని పిల్లలకు బోధించినాను. అది మామూలు మరపేనా? లేక అన్నకు భోజనాల గదిలో బయటపడినది నాకు ఎనిమిదవ తరగతి గదిలో, ఎవరూ కనిపెట్టకుండా, ఎంతో ముందుగానే మొదలైనదా?

ఆ సాయంత్రం మా అమ్మాయికి అన్నీ చెప్పినాను, ఉదయపు నడక పరీక్షతో సహా. ఈసారి ఆమె నవ్వలేదు. సోమవారానికి నిజామాబాదు వైద్యుని వద్ద సమయం తీసుకొన్నది. తరువాత ఇద్దరమూ కూర్చుండి ఆ ఆల్బం అసలు వరుసలో మొదటి నుండి చివరి వరకు విన్నాము. బాగున్నది. ఒప్పుకొనక తప్పదు, మా బావ వరుసకన్న బాగున్నది. చిన్న పాట తలుపు తెరిచినట్లుంటే, పెద్ద పాట ఇంట్లోకి పిలిచినట్లున్నది. అయినా ప్రతి పాట ముగిసేటప్పుడు నా తల తప్పు పాట కొరకే ఎదురుచూసింది, సరియైనది వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడినాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకొని కూర్చున్నది. ఆమె చిన్ననాడు జ్వరం వచ్చినప్పుడు నేను పట్టుకొన్న పట్టు అది.

ఇంతవరకు జరిగినది ఇదే క్రమంలో జరిగినదని నా నమ్మకము. పాటల విషయంలో కూడ నాకు ఇంతే నమ్మకముండెనని పాఠకులకు మనవి చేస్తున్నాను. కనుక నా పాత విద్యార్థులలో ఎవరికైనా ఆ దగ్గు పాఠం నేను వేరే విధంగా చెప్పినట్లు గుర్తుంటే, లేదా ఆ వరుస మా బావ పెట్టినదేనని తొలి రోజులలో ఒక్కసారైనా తరగతిలో అని ఉంటే, దయచేసి తెలుపవలెను. వేల్పూర్ దారిలో బస్సు ఆగే ఊళ్ళ గురించి గాని, మా అన్న మాటల గురించి గాని, ఇందులో ఎక్కడ పొరపాటున్నా మొహమాటపడకుండా దిద్దవలెను. అయితే నాకు చెప్పవద్దు, నేను విని సరేనని మరచిపోవచ్చును. మా చిన్నమ్మాయికి చెప్పండి. నా ఎర్ర సిరా కలము ఆమెకిచ్చినాను. ఈ కాగితాలకు ఎడమ పక్క, దిద్దడానికి సరిపడ జాగా వదిలినాను.